కృష్ణారెడ్డిగారి ముద్రాఫలకము

శ్రీ కృష్ణారెడ్డిగారిని (1925–2018) ముద్రాచిత్రకారులుగా మాత్రమే పేర్కొనుట యసమగ్రమని మా తలంపు. చిత్తూరు ప్రాంతపు నందనూరున జన్మించిన వీరు లండనున హెన్రీ మూర్ వద్దను, పారిసున జాడ్కిన్ వద్దను శిల్పము నభ్యసించిరి. పారిసులోనే హేటర్ ముద్రణశాలయగు ‘అటెలియే 17’లో కైకో మోతీతోఁ గూడి నూతన వర్ణముద్రణవిధానమును రూపొందించిరి.

తెరముద్రణమున రంగునకొక తెర వలయును. ఇందు లోహఫలక మొక్కటియే చాలును. దానిని పెక్కు లోతులుగాఁ జెక్కి, నూనె హెచ్చిన రంగును గట్టి రోలరుతోఁ బైతలమునకును, చిక్కని రంగును మెత్తని రోలరుతో లోతులకును బట్టింతురు. ఆ రెండును గలియవు. ఒక్క యొత్తిడితో రంగులన్నియుఁ గాగితమున కెక్కును.

ఇట్లు వర్ణమును నిర్ణయించునది లోతు. లోతును నిర్ణయించునది శిల్పి హస్తము. 1963 నాటి ‘సుడిగుండము’న నీటి సుడి నైరూప్యరేఖలుగా మాఱుట కిదియే మూలము. కావున వీరి ఫలకము ముద్రణసాధనము మాత్రమే కాదు, శిల్పమే యని మేము తలంచుచున్నాము.