అల్లం ఇచ్చి మిరపకాయలు తెచ్చుకున్న లంక

మా అమ్మ వంటింటి గూట్లో ఉన్న రేడియోలో సిలోన్ స్టేషను పెట్టుకుని తెలుగు పాటలు వింటూ పని చేసుకునేది. సముద్రం అవతలి నుంచి పాట అంత స్పష్టంగా ఎలా వస్తుందా అని నాకు అప్పట్లో ఆశ్చర్యంగా ఉండేది. అంత బలమైన యంత్రాన్ని అక్కడ పెట్టింది పాటల కోసం కాదట. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం కొలంబోలో ఒక ప్రసార కేంద్రం నడిచింది. యుద్ధం ముగిశాక అది సిలోను ప్రభుత్వానికి దక్కింది. 1942 ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మర్నాడు మన విశాఖపట్నం, కాకినాడల మీద వేశాయి. ఊరు ఖాళీ చేసి ఎడ్లబళ్ల మీద పల్లెలకు పోయిన సంగతి మా నాయనమ్మ చెబుతుండేది. ఆ వారంలో వాళ్ల భయమూ మన భయమూ ఒక్కటే అన్నమాట.

లంక అనగానే మనకు అశోకవనం, హనుమంతుడి తోక గుర్తుకు వస్తాయి. అది పురాణం. చరిత్రలో ఉన్న లంక యుద్ధాల కథ అంతకన్నా చిక్కులతో కూడినది.

చుట్టూ సముద్రం ఉంటే కోట గోడ ఉన్నట్టే కదా అనుకుంటాం. లంక విషయంలో అదేమీ అక్కరకు రాలేదు. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలోనే దక్షిణ భారతం నుంచి వెళ్లిన ఎళార అనే తమిళ రాజు అనూరాధపురాన్ని 44 ఏళ్లు ఏలాడు. దుట్టుగెమును అనే సింహళ వీరుడు అతన్ని యుద్ధంలో చంపి, ఆ శత్రువుకే సమాధి కట్టించి, అటుగా వెళ్లేవారు వాద్యాలు ఆపి గౌరవం చూపాలని ఆజ్ఞ ఇచ్చాడని మహావంశం చెబుతుంది. తరువాత 993లో రాజరాజ చోళుడి సైన్యం వచ్చింది. 1017లో రాజేంద్ర చోళుడు లంక రాజు అయిదో మహిందుణ్ణి పట్టి తీసుకుపోయాడు. ఆ రాజు మళ్లీ తన గడప తొక్కలేదు. 1070లో విజయబాహు చోళులను వెళ్లగొట్టాడు.

1505లో పోర్చుగీసువారు దిగారు. వాళ్ల దగ్గర తుపాకులూ ఫిరంగులూ ఉన్నాయి. తీరంలో ఉన్న రాజ్యాలు ఒకటొకటిగా వాళ్ల చేతికి చిక్కాయి. చిక్కనిది ఒక్కటే, నడుమ కొండల్లో ఉన్న క్యాండీ. పోర్చుగీసువారు, డచ్చివారు, ఇంగ్లీషువారు వరసగా ప్రయత్నించినా రెండు వందల ఏళ్లకు పైగా అది లొంగలేదు. ఎందుకంటారా? క్యాండీ వారు కావాలనే మంచి రోడ్లు వేసుకోలేదు. అడవిలో కాలిబాటలు, వాటికి అడ్డంగా ముళ్ల తలుపులు, అంతే. శత్రువు వస్తే ఎదురు నిలిచేవారు కారు. ఊరంతా ఖాళీ చేసి, ధాన్యం దాచేసి, రాజుతో సహా కొండల్లోకి వెళ్లిపోయేవారు. వచ్చినవాడు ఖాళీ నగరం గెలిచి సంతోషిస్తాడు. నాలుగు వారాల్లో వానలు, ఆకలి, జ్వరాలు మొదలవుతాయి. తిరుగుముఖం పట్టినప్పుడు చెట్ల చాటు నుంచి బాణాలూ తూటాలూ!

1594లో పోర్చుగీసువారు ఒక చిన్న ఎత్తు వేశారు. క్యాండీ రాజవంశపు ఆడపిల్ల కుసుమాసన దేవిని వాళ్లే పెంచి, క్రైస్తవం ఇచ్చి, దోనా కతరినా అని పేరు పెట్టారు. ఆ పిల్లను రాణిగా కూర్చోబెడతామని సైన్యంతో బయలుదేరారు. దంతురే దగ్గర సైన్యం నాశనమైంది. గెలిచిన విమలధర్మసూరియ ఆ పిల్లనే పెళ్లాడి, తన సింహాసనానికి బలం చేసుకున్నాడు. అతను పోయాక అతని జ్ఞాతి సేనరత్ పెళ్లాడాడు. అటూ ఇటూ అందరికీ ఆమె రక్తమే కావాలి. ఆమెకు ఏం కావాలో అడిగినవాళ్లు ఉన్నారా అని నాకు అనుమానం.

ఆమె కొడుకు రెండో రాజసింహ. 1638లో గన్నొరువ దగ్గర పోర్చుగీసువారిని చిత్తుగా ఓడించినవాడు. వాళ్లను తీరం నుంచి కూడా తరిమేద్దామని డచ్చివారిని పిలిచాడు. 1656లో కొలంబో పోర్చుగీసువారి చేతినుంచి పోయింది, కానీ డచ్చివారు దాన్ని రాజుకు ఇవ్వలేదు, తామే ఉంచేసుకున్నారు. అల్లం ఇచ్చి మిరపకాయలు తెచ్చుకున్నట్టు అని సింహళంలో ఈనాటికీ సామెత. వంటింటి సామెత కనక మనకు ఇట్టే అర్థమవుతుంది.

ఇక్కడ మన తెలుగువారి ప్రమేయం ఒకటి ఉంది. క్యాండీ రాజులు పట్టపురాణులను మధుర నాయకుల వంశంనుంచి తెచ్చుకునేవారు. ఆ నాయకులు మూలాన తెలుగువారు. 1739లో నరేంద్రసింహ వారసుడు లేకుండా పోతే, రాణిగారి తమ్ముడు గద్దె ఎక్కాడు. అంటే బావమరిది రాజయ్యాడన్నమాట! అక్కణ్ణుంచి 1815 వరకూ నలుగురు నాయక రాజులు ఏలారు. వారిలో కీర్తిశ్రీ రాజసింహ బౌద్ధానికి ఎంతో సేవ చేశాడు. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహ, 1798లో పద్దెనిమిదేళ్లకే రాజయ్యాడు. 1803లో ఇంగ్లీషు సైన్యం వస్తే పాత పద్ధతినే ఊరు వదిలి వెళ్లాడు. జ్వరాలతో కుంగిన దండు జూన్‌లో లొంగిపోయింది. తరువాత దాదాపు అందర్నీ నరికేశారు.

బయటివారు గెలవలేని క్యాండీకి లోపల ఒక ఆచారం ఉండేది. పరగణాలకు అధికారులుగా వెళ్లేవారు భార్యాబిడ్డలను రాజధానిలోనే వదిలి వెళ్లాలి. మొగుడు రాజుకు ద్రోహం చేయకుండా ఇల్లాలు తాకట్టు! ఎప్పటినుంచో నడుస్తున్నదే కనక ఎవరికీ తప్పుగా తోచలేదేమో. 1814లో ముఖ్యమంత్రి ఎహెలేపొల రాజు మీద తిరగబడ్డాడు. ఓడిపోయి ఇంగ్లీషువారి దగ్గరకు కొలంబో పారిపోయాడు. అతని భార్య కుమారిహామి, పిల్లలు క్యాండీలో ఉన్నారు.

తరువాతి సంగతి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పాలు తాగే బిడ్డతో సహా పిల్లలను తల్లి ఎదుటే చంపించారు. పెద్దవాడు భయంతో అమ్మను పట్టుకుంటే, రెండోవాడు మద్దుమ బండార తానే ముందుకు నడిచాడట. ఆ తలలను తల్లి చేతనే రోట్లో దంపించారని, 1821లో పుస్తకం అచ్చువేసిన జాన్ డేవీ అనే ఇంగ్లీషు డాక్టరు రాశాడు. తరువాత ఆమెను చెరువులో ముంచేశారు. ఇంగ్లీషువారికి ఈ కథ ఎంత ఉపయోగపడిందో తలచుకుంటే అన్ని వివరాలూ అక్షరాలా నిజమా అనిపిస్తుంది. కానీ తల్లీ పిల్లలూ చనిపోవడం మాత్రం కట్టుకథ కాదు.

ప్రజల మనసు విరిగిపోయింది. 1815 ఫిబ్రవరిలో ఇంగ్లీషు సైన్యం వస్తే అడవిలో బాణం వేసేవాడు లేకపోయాడు. సర్దార్లే దారి చూపించారు. రాజు దొరికిపోయాడు. మార్చి 2న ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. రాజు బంధువులైన దక్షిణాది వాళ్లంతా దేశం విడిచి పోవాలని అందులో షరతు! సింహాసనం తనదే అనుకున్న ఎహెలేపొలకు అది దక్కలేదు. పదేళ్లకు మారిషస్ దీవికి పంపేశారు, అక్కడే పోయాడు.

కుమారిహామి అన్నదమ్ముల్లో ఒకడు కెప్పెటిపొల. 1817లో ఊవ ప్రాంతం తిరగబడితే, అణచడానికి ఇంగ్లీషువారు అతన్నే పంపారు. అతను వెళ్లి తిరుగుబాటుదారుల్లో కలిశాడు. 1818 నవంబరులో తల తీశారు. ఆ పుర్రెను సీమకు పట్టుకుపోయి దాచుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన 1948లో గాని అది ఇంటికి రాలేదు. ఆ తిరుగుబాటు తరువాత ఇంగ్లీషువారు చేసిన ఒక పని ఏమిటనుకున్నారు? కొలంబో నుంచి క్యాండీకి కొండ తొలిచి రోడ్డు వేయడం.

1983 నుంచి 2009 వరకు సింహళ ప్రభుత్వానికీ తమిళ పులులకూ జరిగిన పోరు, నడుమ 1987లో వెళ్లి 1990లో తిరిగివచ్చిన మన సైన్యం కథ, ఇంకో రోజు చెప్పుకోవాల్సినవి. బిడ్డల కోసం ఎదురు చూసిన తల్లులు ఆ యుద్ధంలో రెండు వైపులా ఉన్నారు.

రెండేళ్ల క్రితం మామగారి వైద్యానికి వెల్లూరు వెళ్లాం. పరీక్షల కాగితాలు సాయంత్రం ఇస్తామంటే, ఖాళీగా కూర్చోలేక కోట చూసి వచ్చాను. శ్రీవిక్రమ రాజసింహను 1816లో రాణులతో సహా తెచ్చి ఉంచింది ఆ కోటలోనే. 1832లో అక్కడే పోయాడు. పాలారు ఒడ్డున సమాధి, దానిమీద ముత్తు మంటపం ఉన్నాయి. ఆటో అతనికి ఆ మంటపం తెలుసుగాని, అందులో పడుకున్నది ఏ దేశపు రాజో తెలియదు. నేను చెబితే, "లంక రాజా! ఇక్కడికెందుకు వచ్చాడమ్మా?" అన్నాడు. దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాను. కుమారిహామి సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆసుపత్రి గేటు వచ్చేసింది.