చోటు మారిన బ్రౌజరు జ్ఞాపకములు

కూచిపూడిలోని ఒక కుటుంబము తన బీరువాను, అందలి కాగితములతో సహా, విజయవాడలోని క్రొత్త యింటికి తరలించినదనుకొందాము. ఆ సంగతి తెలియని పనివాడు కూచిపూడి యింటికే పోయి, ఖాళీ గదిని ఊడ్చి, "గది శుభ్రమైనది" అని చెప్పును. అతని మాట నిజమే. కాని కాగితము ఒక్కటైనను తొలగలేదు! కంప్యూటరులోని బ్రౌజరు విషయమునను ఇట్టి పొరపాటు జరుగుచుండును. దీనిని గ్రహించుటకు బ్రౌజరునకు జ్ఞాపకశక్తి ఎట్లు అబ్బినదో మొదట తెలిసికొనవలెను.

1989లో జెనీవా వద్ద సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్‌నకు తొలుత జ్ఞాపకము లేదు. కోరిన పుటను పంపుటతో సర్వరు పని ముగియును. అదే మనిషి మరుక్షణము వేరొక పుటను కోరినను, సర్వరు అతనిని క్రొత్తవానిగానే ఎంచును. చదువుకొనుటకు ఈ పద్ధతి చాలును. వస్తువులు కొనుటకు చాలదు. బుట్టలో ముందు వేసిన వస్తువేదో గుర్తుండవలెను గదా!

ఈ చిక్కును 1994లో నెట్‌స్కేప్ సంస్థలోని లూ మాంటుల్లి విప్పెను. సర్వరు ఒక చిన్న గుర్తును పంపును. బ్రౌజరు దానిని దాచుకొని, మరల వచ్చినపుడు చూపును. ఈ గుర్తునకే "కుకీ" అని పేరు. మన దేశములో ప్రజలకు ఇంటర్నెట్ లభించినది 1995 ఆగస్టు 15న. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక వ్రాసిన పిదప కుకీలను గూర్చి ప్రజలలో చర్చ పెరిగెను. 1997 ఫిబ్రవరిలో వీటికి ప్రమాణ నియమములు వెలువడినవి.

క్రమముగా కుకీలతోబాటు చూచిన పుటల జాబితా, పుటలు త్వరగా తెరచుకొనుటకై దాచిన బొమ్మలు, సంకేతపదములు కూడ బ్రౌజరు వద్ద చేరినవి. ఒకే కంప్యూటరును పలువురు వాడుటచే ఎవరి వివరములు వారికి వేరుగా నుంచవలసి వచ్చెను. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ కమ్యూనికేటర్‌లో ఒక్కొక్కరికి ఒక్కొక్క "ప్రొఫైలు" ఏర్పడినది. 2004లో వెలువడిన ఫైర్‌ఫాక్స్‌నకు ఈ పద్ధతి వారసత్వముగా వచ్చెను.

ప్రొఫైలు అనగా ఒక ఫోల్డరే. ప్రధాన డిస్కు నిండినపుడు దానిని వేరొక డిస్కునకు మార్చవచ్చును. పెన్‌డ్రైవులో వెంట తీసికొనిపోవచ్చును. క్రొత్త చిరునామాను ఫైర్‌ఫాక్స్ "ప్రొఫైల్స్.ఐఎన్‌ఐ" అను చిన్న ఫైలులో చూచి తెలిసికొనును. కాని శుభ్రపరచుటకై విడిగా వాడెడి ప్రోగ్రాము ఆ ఫైలును చదువక మామూలు చోటునే వెదకినచో, అచట ఏమియు లేకున్నను పని పూర్తియైనదని చెప్పును. మరొక విశేషము కూడ కలదు. మామూలుగా విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ తాత్కాలికముగా దాచు బొమ్మలు ప్రొఫైలుకు వేరుగా నుండును. ప్రొఫైలును బయటకు తరలించినపుడు అవి ఆ ఫోల్డరులోనే చేరును. అనగా వెదకవలసిన చోటు ఒకటికి రెండు విధముల మారినదన్నమాట.

ఇది చిన్న సంగతి కాదు. పాఠశాలలో అందరు వాడు కంప్యూటరులో ఒక విద్యార్థి తెరచిన ఖాతా, తరువాత కూర్చున్నవానికి తెరచియే యుండవచ్చును. తుడిచితిమన్న నమ్మకము తుడువకపోవుటకంటె ప్రమాదకరము.

ఉపాయము సులభము. ఫైర్‌ఫాక్స్ చిరునామా పెట్టెలో "అబౌట్:ప్రొఫైల్స్" అనియు, 2008లో వచ్చిన క్రోమ్‌లో "క్రోమ్://వెర్షన్" అనియు ఇంగ్లీషు అక్షరములతో వ్రాసినచో ప్రొఫైలు ఎచట నున్నదో కనబడును. బ్రౌజరు లోపలనే ఉన్న తొలగింపు సౌకర్యమును వాడుట మేలు. ఏలయన తన వస్తువులెచట నున్నవో బ్రౌజరునకు తెలియును. ఫోల్డరునే తీసివేయరాదు, దానితో దాచుకొన్న పుటల గుర్తులు, సంకేతపదములు కూడ పోవును. తుడిచిన పిమ్మట బ్రౌజరును మూసి, మరల తెరచి, ఖాతాలు నిజముగా మూతపడినవో లేదో చూచుకొనవలెను.

చీపురు పట్టుటకు ముందు ఇల్లేదో తెలిసికొనుట మంచిది.