వింటినారి - బొటనవ్రేలు

మార్కాపురమునుండి దోర్నాల మీదుగా శ్రీశైలమునకు పోవు బాట నల్లమలలో ప్రవేశించిన పిదప చెంచుల సీమ మొదలగును. గిద్దలూరు వైపునను, అర్ధవీడు, ఎఱ్ఱగొండపాలెము వైపులను గూడ చెంచుగూడెములు కలవు. 1970 వఱకు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. ఆ యేట ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన క్రొత్త జిల్లాలో చేరినవి. జిల్లాలు మాఱినను అడవి అదియే, అందలి జనము వారే. చెంచువాడనగానే మన కన్నులకు ముందుగా కట్టునది అతని భుజమున నుండు విల్లు.

విల్లును గూర్చి మాటాడుకొనునప్పుడు మన దృష్టి యెల్ల వింటిమీదను, అమ్ము మీదను నిలుచును. నారిని లాగెడు కుడిచేతిని గూర్చి అడుగువారు అరుదు. నిజమునకు ఒక జాతి విలువిద్య ఎట్టిదో తెలియవలెనన్న ఆ చేతినే చూడవలెను. అమెరికా పండితుడు ఎడ్వర్డ్ మోర్స్ 1885లో ఈ విషయమై ఒక చిన్న గ్రంథమే వ్రాసి, లోకమున నారిని పట్టు విధములను అయిదు తెగలుగా విభజించెను. మనకు వానిలో మూడు చాలును. బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని నడుమ అమ్ముపింజను నొక్కిపట్టి లాగుట మొదటిది. పిల్లలు ఎవరును నేర్పకయే చేయునది. చూపుడు వ్రేలు మొదలు మూడు వ్రేళ్లను కొక్కెములవలె నారికి తగిలించి లాగుట రెండవది, ఐరోపావారి పద్ధతి. బొటనవ్రేలిని నారికి మెలివేసి, దాని గోటిమీద చూపుడు వ్రేలిని తాళమువలె అదిమి లాగుట మూడవది. మంగోలులు, తురుష్కులు, పారసీకులు, చీనావారు అనుసరించినది.

ఈ మూడవ పద్ధతియందే ఉంగరము పుట్టినది. బలమైన వింటిని ఆకర్ణాంతము లాగినపుడు నారి బొటనవ్రేలి మెత్తని కండను కోసివేయును. తురుష్క సుల్తానుల టాప్‌కాపీ భవనమున నిలిచియున్న విండ్ల కొలతలను బట్టి లెక్కకట్టినవారు, వానిలో పెక్కింటిని లాగుటకు నూఱు పౌనులకు మించిన బలము కావలెనందురు. నూఱు పౌనులనగా నలువదియైదు కిలోలు. అంత బరువును ఒక వ్రేలి కణుపుమీద వ్రేలాడదీసికొని, గుఱిచూచి, రెప్పపాటున విడువవలెను. అందుచే కొమ్ము, ఎముక, ఏనుగుదంతము, లోహము, రాయి, వీనిలో ఒకదానితో ఉంగరము చేసి బొటనవ్రేలికి తొడిగిరి. పారసీకమున దీనికి జిహ్‌గీర్ అని పేరు. నారిని పట్టునది అని అర్థము. చీనాలోని మంచూలది గొట్టమువంటి ఉంగరము. తురుష్కులదియు మొగలులదియు ఒకప్రక్క నాలుకవలె సాగిన పెదవి గలది. ఆ పెదవి వ్రేలి లోపలివైపున నిలిచి నారి ఒత్తిడిని తాను భరించును.

ఉంగరము వ్రేలికి కవచము మాత్రమే యని తలచినచో సగమే తెలిసినట్లు. నారి విడుచునపుడు మెత్తని చర్మము దానిని పట్టి ఈడ్చును. నునుపైన రాతిపైనుండి అది క్షణములో జాఱిపోవును. మూడు వ్రేళ్లనుండి విడివడు నారి ప్రక్కకు వంగి తిరిగినంతగా ఇది వంగదు. మఱియు బరువు విండ్లకెల్ల ఉంగరమే శరణ్యమనుట సరికాదు. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అను ఆంగ్ల నౌకనుండి పైకి తీసిన నిడుపాటి విండ్లు తురుష్కుల విండ్లకు బలమున తీసిపోవు. ఆంగ్లేయులు వానిని మూడు వ్రేళ్లతోనే లాగిరి. భేదము వింటి పొడవునందున్నది. గుఱ్ఱపు రౌతు విల్లు పొట్టిది. దానిని నిండుగ లాగినపుడు నారి కోణము ఇఱుకై మూడు వ్రేళ్లను ఒకచో నలిపివేయును. బొటనవ్రేలికొక్కదానికే చోటు చాలును. ఉంగరము బరువుకన్న గుఱ్ఱమునకే ఎక్కువ ఋణపడియున్నదని మా యభిప్రాయము.

ఇక మన దేశపు మాట. రామాయణమున విశ్వామిత్రుని వెంట నడచిన రామలక్ష్మణులు గోధాంగుళిత్రాణములు ధరించిరని కలదు. గోధ యనగా ఉడుము. నారి దెబ్బ తగులకుండ ఎడమ ముంజేతికి కట్టుకొను తోలుపట్టకును అదియే పేరు. అంగుళిత్రాణము వ్రేలికి రక్ష. అది తోలుదో, లోహముదో ఆ పదమునుబట్టి తేలదు గనుక మన పూర్వులందఱు రాతి ఉంగరములు ధరించిరని వాదింపబూనుట సాహసము. కాని బొటనవ్రేలి పని వారికి బాగుగ తెలియును. వసిష్ఠుని పేర వెలసిన ధనుర్వేదము నారిని పట్టు ముష్టులను పతాక, వజ్ర, సింహకర్ణ, మత్సరి, కాకతుండి అని అయిదుగ చెప్పినది. బొటనవ్రేలిని చూపుడు వ్రేలికిని నడిమి వ్రేలికిని మధ్య దూర్చి పట్టుట వజ్రముష్టి. లావైన నారాచములకు అది తగునట.

ఈ కన్నుతో ఏకలవ్యుని కథను మరల చదువవలెను. నన్నయగారి ఆదిపర్వముద్వారా ఆ కథ తెలుగువారి ఇంటింటికిని వచ్చినది. ద్రోణుడడిగినది చేయిని కాదు, కంటిని కాదు, కుడిచేతి బొటనవ్రేలిని. మూడు వ్రేళ్లతో లాగువానికి ఆ నష్టము విద్యను పూర్తిగ హరింపదు. బొటనవ్రేలితో లాగువానికి అదియే సర్వస్వము. వ్రేలిచ్చిన పిదప నిషాదపుత్రుడు తక్కిన వ్రేళ్లతో బాణము వేసెననియు, మునుపటి వడి రాలేదనియు సంస్కృత భారతము చెప్పుచున్నది. కథ కట్టినవారికి విలువిద్య ఎంత దగ్గరగా తెలియునో ఆ ఒక్కమాట చాలును. ఆ గురుదక్షిణలోని క్రౌర్యము గూడ అప్పుడే మనకు నిండుగ తెలియును: అడిగినవాడు ఏమి అడుగుచున్నాడో ఎఱిగియే అడిగినాడు.

చారిత్రక కాలమునకు వత్తము. విజయనగర ప్రభువు రెండవ దేవరాయలు (1424-1446) బహమనీలతో జరిగిన పోరులలో తమకేల ఓటమి కలుగుచున్నదని కొలువున అడిగెనట. శత్రువుల గుఱ్ఱములు బలమైనవి, వారి విలుకాండ్రు నేర్పరులు అని ఒక జవాబు వచ్చినది. రాయలు ముస్లిం విలుకాండ్రను చేర్చుకొని, జాగీరులిచ్చి, నగరమున మసీదు కట్టించి, తనవారికి వారిచే విద్య నేర్పించెను. రెండువేలమంది ముస్లిములు, అఱువదివేలమంది హిందువులు నేర్పుగల విలుకాండ్రైరని ఫెరిష్తా వ్రాసినాడు. చరిత్రకారుల అంకెలను కొంత తగ్గించి చదువుకొనుట మేలు. కాని ఆ వచ్చినవారి విద్య తురుష్క పారసీక సంప్రదాయములోనిది, ఉంగరమునకు సొంతమైనది. కంభము చెఱువు గల ఈ సీమయు ఆ సామ్రాజ్యములోనిదే.

అట్టి ఉంగరమును కంటితో చూడగోరువారు హైదరాబాదునందలి సాలార్‌జంగ్ ప్రదర్శనశాలకు పోవలెను. షాజహాను బిరుదమైన సాహిబ్ ఖిరాన్ సానీ అను అక్షరములు చెక్కిన జేడురాతి ఉంగరము అచట కలదు. అంత నాజూకైనది రణమున వాడబడినదో, పాదుషా వ్రేలికి అలంకారముగ మిగిలినదో చూపరులే నిర్ణయించుకొందురుగాక.

పాదుషా వింటికిని చెంచువాని వింటికిని పోలిక లేదు. కొమ్మును, కొయ్యను, నరమును జిగురుతో అతికి చేసిన రౌతు విల్లు వానకాలపు తేమకు ఓర్వదు. చెంచువానిది వెదురు విల్లు. తడిసినను ఆరును, విఱిగినచో మఱియొక వెదురు దొరకును. నారికి చాగ, జిల్లేడు, జనుము, వెదురు, నరము పనికివచ్చునని కౌటిల్యుడు చెప్పిన జాబితా అంతయు అడవిలోని సరకే. ఇనుప ములికికి మాత్రము మైదానపు కమ్మరిని ఆశ్రయింపవలెను. పొదలమాటున పొంచి దగ్గరనుండి కొట్టువానికి నలువదియైదు కిలోల విల్లెందులకు? వట్టి వ్రేళ్లే చాలును.

వ్రేళ్లు చాలవను విండ్లు మాత్రము నేటికిని కలవు. విజయవాడ బిడ్డ వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకములు గెలిచిన కాంపౌండు వింటి పద్ధతియందు నారిని వ్రేళ్లు తాకవు. చేతనున్న చిన్న యంత్రపు కొక్కెము పట్టి విడుచును. జిహ్‌గీర్ చేసిన పనియే అది.

1972 వన్యప్రాణి చట్టము తరువాత చెంచువాని వేట నేరమైనది; నల్లమల పులుల ఆశ్రయమైనది. చెంచులలో పలువురు నేడు అడవికి కాపలాదారులు. వేట మానిన చేతిలో విద్య ఎన్ని తరములు నిలుచును? చెంచువిల్లును ప్రదర్శనశాలలో పెట్టుట సులభము. నారిని పట్టు ఆ పట్టును పెట్టుటకు పెట్టె లేదు. ముసలివారు చేసి చూపుచుండగా పటము తీయుటయొక్కటే మార్గము, అదియు ఆలసింపరాదు.

ఈసారి శ్రీశైలమునకు పోవువారు ఆలయప్రాకారముమీది వేట శిల్పముల యొద్ద కొంతసేపు నిలిచి, విలుకాని కుడిచేతిని చూతురుగాక.