నాందేడ్ నుంచి బేగంపేటకు, డకోటాలో

మా ఆవిడ టీవీ కట్టేశాక నేను కంప్యూటర్‌లో డగ్లస్ డీసీ-3 ఇంజన్లు రాజేస్తాను. ఒక్కోదానికి 14 సిలిండర్లు, 1200 గుర్రాల బలం. తోక చక్రం మీద చతికిలబడే విమానం. ముక్కు ఆకాశంలోకి, ఎదురుగా రన్‌వే కనబడి చావదు. పరుగులో తోక లేచేదాకా పక్క కిటికీలే దిక్కు.

1935లో తొలిసారి ఎగిరిన దీన్ని మనవాళ్లు డకోటా అన్నారు. నిజాం సర్కారు, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది వీటినే. అప్పటికి మా నాందేడ్ కూడా హైదరాబాద్ రాజ్యమే. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది, 1956లో మేం బొంబాయి రాష్ట్రంలో కలిశాం. ఇక్కడ రన్‌వే పడింది 1958లో! అంటే నాది చరిత్రలో జరగని ప్రయాణం. అయినా మానను.

గోదావరి దాటి ఆగ్నేయానికి తిప్పితే, సగం దారి గడిచాక నిజాంసాగర్ మెరుస్తుంది. గంటలోపే బేగంపేట. మొన్న దిగుతుంటే తోక అదుపు తప్పి, విమానం బొంగరంలా గిర్రున తిరిగింది. లోపల్నుంచి మా ఆవిడ, “చేరారా?” అంది.