ఫోన్లు మోగని ఏప్రిల్

1946లో న్యూయార్క్ దగ్గర లేక్ సక్సెస్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాలు జరుగుతుంటే, ఏ దేశానికీ ప్రతినిధి కాని ఒక న్యాయవాది రాయబారులను పట్టుకుని బతిమాలుతూ తిరిగారు. ఆయన రాఫెల్ లెమ్కిన్. పోలండ్ యూదుడు. నాజీల మారణకాండలో 49 మంది బంధువులను పోగొట్టుకున్నారు. జాతిహననం అనే నేరానికి 1944లో పేరు పెట్టింది ఆయనే. దాన్ని అంతర్జాతీయ నేరంగా గుర్తించమన్న తీర్మానాన్ని ప్రతిపాదించిన మూడు దేశాలు క్యూబా, పనామా, భారత్. 1948 డిసెంబరు 9న ఒప్పందం సిద్ధమైంది. భారత్ 1959లో దాన్ని ఆమోదించినా, ఆ నేరం పేరుతో మన శిక్షాస్మృతిలో ఇప్పటికీ ఒక సెక్షన్ లేదు. 2018లో సిక్కుల ఊచకోత కేసు తీర్పులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటునే ఎత్తిచూపింది.

అమెరికా సెనేట్ మరీ మొండికేసింది. నల్లజాతివారి మీద జరిగిన దాడులకు తామెక్కడ జవాబు చెప్పాల్సివస్తుందోనని దక్షిణాది సెనేటర్ల భయం. 1967 జనవరిలో విస్కాన్సిన్ సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్, ఒప్పందం ఆమోదం పొందేదాకా సభ జరిగే ప్రతి రోజూ దీని గురించి మాట్లాడతానన్నారు. అన్నట్టే మూడు వేలకు పైగా ప్రసంగాలు చేశారు. 1986లో సెనేట్ దిగివచ్చింది.

కానీ కాగితం మీది సంతకం రువాండాను కాపాడలేదు. 1994 ఏప్రిల్‌లో మొదలై సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు. చనిపోయినవారిలో అత్యధికులు టుట్సీ తెగవారు. హ్యూమన్ రైట్స్ వాచ్ తరఫున అలిసన్ డెస్ ఫోర్జెస్ శ్వేతసౌధం తలుపు తట్టారు. భద్రతా సలహాదారు ఆంథొనీ లేక్ ఇచ్చిన సలహా ఒక్కటే: ఇంకా గొంతెత్తండి. జనం నుంచి ఒత్తిడి లేదని దాని భావం. అమెరికా కాంగ్రెస్‌లో ఒక్కో సభ్యుడికి తన నియోజకవర్గం నుంచి వంద ఉత్తరాలు వచ్చి ఉంటే ప్రభుత్వం కదిలేదని సెనేటర్ పాల్ సైమన్ తర్వాత అన్నారు. వంద ఉత్తరాలు! ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే అంకె ఇదే. ఎందుకంటే అది అసాధ్యమైన అంకె కాదు.

ఆ పాఠం సూడాన్‌లోని దార్ఫూర్ ప్రాంతంలో హత్యాకాండ జరిగేనాటికి పనికొచ్చింది. 2004లో సేవ్ దార్ఫూర్ కూటమి పుట్టింది. స్వార్త్‌మోర్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన సంస్థ, దార్ఫూర్ విషయంలో ఏ సభ్యుడు ఎలా ఓటేశాడో చూసి మార్కులు వేసింది. ఎవరైనా నేరుగా తమ సభ్యుడికి ఫోన్ చేసే ఉచిత నంబరు పెట్టింది. 2006 ఏప్రిల్ 30న వేలాది మంది వాషింగ్టన్‌లో గుమిగూడారు. సూడాన్ చమురుతో సంబంధమున్న కంపెనీల వాటాలను విశ్వవిద్యాలయాలు అమ్మేశాయి. 2007 చివర్లో అందుకు వీలిచ్చే చట్టం వచ్చింది. ఉద్యమం సంక్లిష్టమైన యుద్ధాన్ని మరీ సరళం చేసి చూపిందని పండితుడు మహమూద్ మమ్దానీ విమర్శించారు. అందులో నిజముంది. అయినా, రువాండా నాటి మౌనంతో పోలిస్తే ఆ లోపం చిన్నదనే నేనంటాను.

తర్వాతి అడుగు, హత్యాకాండ మొదలయ్యాక కాదు, ముందే పసిగట్టే యంత్రాంగం కావాలన్న డిమాండు. 2012లో అమెరికా అధ్యక్షుడు ఒబామా అందుకో మండలిని ఏర్పాటు చేశారు. 2019 జనవరిలో, నాజీ మారణకాండ నుంచి బయటపడిన రచయిత ఎలీ వీసెల్ పేరిట వచ్చిన చట్టం దౌత్యాధికారులకు ఈ విషయంలో శిక్షణను, అమెరికా కాంగ్రెస్‌కు నివేదికలను తప్పనిసరి చేసింది.

2023లో సూడాన్ మళ్లీ అంటుకుంది. 2025 జనవరిలో అమెరికా అక్కడ జరుగుతున్నది జాతిహననమేనని ప్రకటించింది. ఏడాదికి పైగా ముట్టడిలో ఉన్న దార్ఫూర్ నగరం ఎల్ ఫాషర్ అదే ఏడాది అక్టోబరులో సూడాన్ సైన్యంతో పోరాడుతున్న ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ బలగాల చేతికి చిక్కింది. అప్పటికి చట్టం ఉంది, హెచ్చరికలూ ఉన్నాయి. 2006లో వీధుల్లోకి వచ్చినంతమంది మాత్రం ఈసారి రాలేదు.