ఒకే పథకం, రెండు విలువలు: మ్యూచువల్ ఫండ్ రుసుముల పరిణామం

భారతీయ మ్యూచువల్ ఫండ్ల రుసుముల చరిత్రలో 2009 ఆగస్టు 1ని మలుపుగా పేర్కొనడం పరిపాటి. సెబీ ఎంట్రీ లోడ్‌ను రద్దు చేసిన రోజది. అంతవరకు మధ్యవర్తి ద్వారా ఈక్విటీ పథకంలో పదివేలు పెట్టిన మదుపరికి సాధారణంగా 225 రూపాయల వరకు ముందే కోతపడేది. అయితే రద్దయినది ఆ కోతే గాని కమీషను కాదు. పథకపు వార్షిక వ్యయంలో భాగంగా అది కొనసాగింది. యూనిట్ విలువలోంచి రోజూ రవ్వంత తగ్గే ఈ మొత్తం మదుపరి కంటపడేది కాదు.

అసలు మలుపు 2013 జనవరి 1. నాటి నుండి పథకాలలో ‘డైరెక్ట్’, ‘రెగ్యులర్’ అనే రెండు తరగతులు ఏర్పడ్డాయి. రెండింటి వెనుక ఉన్న షేర్లు ఒకటే, నిర్వాహకుడూ ఒకడే. కమీషను భారం లేని డైరెక్ట్ యూనిట్ విలువ మాత్రం క్రమంగా ముందుకు సాగింది. మధ్యవర్తి సేవకు తాను చెల్లిస్తున్నదెంతో మదుపరి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి అంచనా వేసుకోగలిగాడు. 2018 అక్టోబరులో ముందస్తు కమీషన్లను నిలిపివేయడం ఈ మార్పుకు కొనసాగింపే.