మన్మాడ్ నడక, అనంతపురం నడక

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా నానమ్మ ఆర్డీటీ అనదు, "ఫాదరోళ్ల ఆఫీసు" అంటాది. చిన్నప్పుడు అదేదో చర్చి అనుకునేవాణ్ణి. 2025లో ఆర్డీటీకి విదేశీ నిధుల అనుమతి రెన్యువల్ కాలేదని అనంతపురంలో జనం ర్యాలీలు తీసినప్పుడు మా హాస్టల్లో ఒకటే చర్చ. "క్రైస్తవ సంస్థ కదా, మనకెందుకురా" అన్నాడు ఒకడు. అప్పుడు జవాబు చెప్పలేకపోయినా. తర్వాత కూర్చుని చదివినా.

విన్సెంట్ ఫెర్రర్ 1920లో స్పెయిన్ దేశం బార్సిలోనాలో పుట్టినాడు. 1952లో జెస్యూట్ మిషనరీగా మన దేశానికి వచ్చినాడు. మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర పేద రైతులతో బావులు తవ్వించే పని పెట్టుకున్నాడు. అది అక్కడి పెద్దోళ్లకు నచ్చలేదు. 1968లో దేశం వదిలి పొమ్మని ఉత్తర్వు వచ్చింది.

అప్పుడు దాదాపు 30 వేల మంది రైతులు మన్మాడ్ నుంచి ముంబైకి నడక కట్టినారు. దూరం 250 కిలోమీటర్లు. మతపెద్దలు, మేధావులు, రాజకీయ నాయకులు వాళ్లకు తోడు నిలిచినారు. మన్మాడ్ ఏం క్రైస్తవుల ప్రాంతం కాదు. నీళ్లిచ్చిన మనిషి కోసం నడిచినారు, అంతే. చివరికి ఇందిరాగాంధీ కల్పించుకోవడంతో ఆయన కొన్నాళ్లు బయటికెళ్లి, 1969లో తిరిగొచ్చి మన అనంతపురంలో దిగినాడు. 1970లో జెస్యూట్ సంఘం వదిలి, అన్నే గారిని పెళ్లి చేసుకున్నాడు. అంటే ఆర్డీటీ ఇక్కడ పెరిగింది చర్చి నీడలో కాదు, మన కరువు నేలలో. బడులు, ఆడోళ్ల పేరు మీద ఇండ్లు, బత్తలపల్లి ఆస్పత్రి అట్లా వచ్చినవే. మా తాండా సేవాలాల్‌ను కొలుస్తాది, గూగూడు కుళ్లాయిస్వామికీ మొక్కుతాది. జబ్బు చేస్తే బత్తలపల్లి బస్సెక్కుతాది. ఈ మూడింటికీ మాకెప్పుడూ తగాదా రాలేదు.

మరి చట్టం సంగతి? విదేశీ విరాళాల చట్టం మొదట 1976లో, ఎమర్జెన్సీ కాలంలో వచ్చింది. 2010లో కొత్త చట్టం చేసి, ఐదేళ్లకోసారి రెన్యువల్ పెట్టినారు. 2020 సవరణతో బయటి డబ్బంతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ఒక్క బ్రాంచికే రావాలన్నారు. బయటి డబ్బుకు ప్రభుత్వం లెక్క అడగొచ్చు, అడగాలి కూడా. కానీ లెక్క అడగడం వేరు, కాన్పుకు పోయే ఆడమనిషికి దారి మూసుకుపోవడం వేరు.

ఇంకో మాట మనల్ని మనమే అడగాలి. ఫాదర్ వచ్చి 50 ఏళ్లు దాటినా మన తాండాల బడి, మందు ఢిల్లీలో ఒక సంతకం మీద ఎందుకు వేలాడాలి? ఎస్టీల చదువు, బతుకు మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాల్సింది రాజ్యమేనని రాజ్యాంగం 46వ అధికరణం చెప్తాది. కాబట్టి "ఆర్డీటీని ఉండనీయండి" అని అడిగే నోటితోనే "మా హాస్టల్లో అన్నం, మా పీహెచ్‌సీలో డాక్టరు ఏరి?" అని కూడా అడగాలి. ఒకటి అడిగి ఇంకోటి మర్చిపోతే మళ్లీ ఇదే కథ.

ఒక చిన్న పని చేద్దాం. మన్మాడ్ రైతుల్లో ఎక్కువమంది పేర్లు మనకు తెలీవు. మన ర్యాలీకి వచ్చినోళ్ల పేర్లు అట్లా పోకూడదు. ఈ సెలవుల్లో మీ తాండాలో అవ్వాతాతలను అడగండి: బావి ఎప్పుడు పడింది, బడి ఎవరు కట్టినారు, ర్యాలీకి ఎవరెవరు పోయినారు. సంవత్సరంతో సహా రాసి ఇక్కడ పెట్టండి. మనం రాయకపోతే, మనం నడిచిన నడకను రేపు ఇంకొకరు వాళ్లకు తోచినట్టు రాస్తారు.

మా నానమ్మ మాటలతో నేనే మొదలుపెడతా.